పిల్లలకు ఆపరేషన్ తేదీ ఇచ్చారా? ఆసుపత్రిలో చేర్చే ముందు నుంచి ఇంటికి తెచ్చుకున్నాక రెండు వారాల దాకా ఏం చేయాలి

టాన్సిల్స్, గజ్జల్లో హెర్నియా, వృషణం కిందికి దిగకపోవడం వంటి సమస్యలకు డాక్టర్లు సాధారణంగా ముందే ఒక తేదీ ఇచ్చి ఆపరేషన్ చేస్తారు. కాబట్టి తల్లిదండ్రుల చేతిలో కొన్ని రోజులో, కొన్ని వారాలో సమయం ఉంటుంది. ఆ సమయంలో ఏది ముందు, ఏది తరువాత అన్నది ఇక్కడ వరుసగా ఉంది. హఠాత్తుగా చేర్చవలసి వచ్చినవారికి 2, 7, 8, 9 భాగాలు పనికొస్తాయి.

ఆపరేషన్ వాయిదా పడడానికైనా, బిడ్డ అవసరానికి మించి భయపడడానికైనా తరచుగా కనిపించే కారణాలు రెండే. మత్తు డాక్టరుకు చెప్పవలసింది చెప్పకపోవడం ఒకటి, ఇంట్లో ఒక్కొక్కరు బిడ్డకు ఒక్కో మాట చెప్పడం రెండోది. అందుకే ఈ రెండింటి గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాను.

## 1. తేదీ ఖాయం చేసుకునే రోజునే అడగవలసినవి

డాక్టరు గది నుంచి బయటికి వచ్చాక గుర్తొచ్చే ప్రశ్నలే ఎక్కువ. కాబట్టి కాగితం మీద రాసుకుని వెళ్లండి.

- అదే రోజు ఇంటికి పంపించేస్తారా, రాత్రి ఉండాలా? ఉంటే ఎన్ని రాత్రులు?
- ఆ రోజు జాబితాలో బిడ్డ ఎన్నో వంతు? చిన్నపిల్లలను సాధారణంగా ముందు తీసుకుంటారు, అయినా అడిగి తెలుసుకోవాలి.
- రాత్రి బిడ్డ పక్కన ఎవరెవరు ఉండనిస్తారు? ఐసీయూలో ఉంచే అవకాశం ఉందా?
- మత్తు ఇచ్చేదాకా తల్లి పక్కనే ఉండవచ్చా?
- రక్తం సిద్ధంగా ఉంచాలా? అవసరమైతే దాతలు ఎప్పుడు రావాలి?
- మొత్తం ఖర్చు అంచనా ఎంత? అందులో ఏవి కలవవు?

వర్జ్యం, అమావాస్య, ఇంట్లో ఆబ్దికం వంటివి పాటించే కుటుంబాలు ఆ సంగతి తేదీ తీసుకునేటప్పుడే చెప్పడం మంచిది. ఆపరేషన్ రోజు ఉదయం "రాహుకాలం పోయాక తీసుకెళ్లండి" అంటే నష్టపోయేది బిడ్డే, ఎందుకంటే అప్పటికే కడుపు మాడ్చుకుని ఉన్న పసివాడు మరో రెండు గంటలు ఆకలితో ఉండవలసి వస్తుంది.

సంతకం సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా అంగీకార పత్రంపై తల్లి గానీ, తండ్రి గానీ, చట్టప్రకారం సంరక్షకులు గానీ సంతకం చేయాలి. తండ్రి గల్ఫ్‌లో ఉండి, తల్లి కూడా ఊళ్లో లేక అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరుగుతున్న పిల్లల విషయంలో ఆసుపత్రి ఏ రాతపూర్వక అనుమతి అడుగుతుందో ముందే కనుక్కోకపోతే చివరి గంటలో చిక్కు వస్తుంది.

## 2. కాగితాలు, డబ్బు

ఒకే ఫైలులో, తేదీల వరుసలో పెట్టుకోండి:

- బిడ్డ ఆధార్, లేకపోతే జనన ధ్రువీకరణ పత్రం, తల్లిదండ్రుల ఆధార్, ఒక్కోదానికి నాలుగైదు జిరాక్సులు
- రేషన్ కార్డు లేదా ఆరోగ్య పథకం కార్డు, బీమా కార్డు
- టీకాల కార్డు
- పాత చీటీలు, రక్తపరీక్షలు, స్కాన్ రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ములు
- ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు. వీలైతే సీసాలే తీసుకెళ్లండి
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవారు చేరే రోజుకంటే ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (పథకం తరఫున రోగులకు సాయం చేసే ఉద్యోగిని) కలవాలి. ఈ ఆపరేషన్ పథకంలో ఉందా, ఈ ఆసుపత్రిలో చేయవచ్చా, అనుమతి రావడానికి ఎంత సమయం పడుతుంది అన్నవి ఆయన చెప్పగలరు. చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది: రేషన్ కార్డులో చిన్న బిడ్డ పేరు ఇంకా ఎక్కి ఉండదు, లేదా ఆధార్‌లో ఒక తీరుగా, కార్డులో మరో తీరుగా ఉంటుంది. అలాంటప్పుడు ఏ పత్రం చూపిస్తే ఒప్పుకుంటారో ఆరోగ్యమిత్రనే అడిగి, అది చేతిలో పెట్టుకున్నాకే ప్రయాణం కట్టండి.

ప్రైవేటు బీమా ఉన్నవారు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆసుపత్రి బీమా కౌంటరులో నగదు రహిత చికిత్సకు దరఖాస్తు ఇవ్వాలి. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం బీమా కంపెనీ నగదు రహిత దరఖాస్తుపై గంటలోగా, డిశ్చార్జి నాటి తుది బిల్లుపై 3 గంటలలోగా నిర్ణయం చెప్పాలి. అయినా చేతి తొడుగులు, డైపర్లు వంటి కొన్ని వస్తువుల ఖర్చు చాలా పాలసీలలో మన మీదే పడుతుంది కాబట్టి కొంత డబ్బు దగ్గర ఉంచుకోవాలి.

## 3. మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పవలసినవి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు బిడ్డను పరీక్షిస్తారు. అది అయిదు నిమిషాలలో ముగిసిపోవచ్చు. అడగలేదు కదా అని ఊరుకోకుండా ఈ కింది వాటిని మీరే చెప్పండి:

- గత కొన్ని వారాలలో వచ్చిన జలుబు, దగ్గు, జ్వరం, ఆయాసం. తగ్గిపోయినా సరే చెప్పాలి.
- రాత్రి గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించడం
- మూర్ఛ, గుండెలో రంధ్రం, ఉబ్బసం వంటివి. నెలలు నిండకుండా పుట్టడం
- పడని మందులు, పడని ఆహారం
- ఊగుతున్న పళ్లు. ఆరేడేళ్ల పిల్లల్లో ఇది తప్పక చెప్పాలి, మత్తులో ఊపిరి కోసం నోట్లోంచి గొట్టం వేసేటప్పుడు ఊడి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది.
- ఈ మధ్య టీకా వేయించి ఉంటే దాని తేదీ
- ఇంట్లో వాడుతున్న నాటు మందులు, ఆయుర్వేదం, హోమియో మందులు
- దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగకపోవడం. అది కుటుంబంలో ఎవరికైనా ఉండడం

కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తరువాత చాలా ఆలస్యంగా మెలకువ రావడం గానీ, చాలాసేపు కృత్రిమ శ్వాస మీద ఉంచవలసి రావడం గానీ జరిగిందేమో పెద్దవాళ్లను అడగండి. కండరాలను సడలించే ఒక రకం మందును శరీరం త్వరగా విరగ్గొట్టలేని వంశపారంపర్య లోపం ఒకటుంది. ఇది మిగతావారికంటే ఆర్యవైశ్య కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తుందని వైద్య పరిశోధనల్లో నమోదైంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు ఆ మందును వదిలేసి వేరేది వాడతారు. మేనరికం సంబంధమైతే అది కూడా చెప్పండి.

జలుబు సంగతి దాచడం అతి సాధారణమైన పొరపాటు. సెలవు పెట్టాం, ఊరి నుంచి వచ్చాం, వాయిదా వేస్తే ఎలా అని ముక్కు తుడిచి తీసుకొస్తారు. జలుబు తగ్గాక కూడా కొన్ని వారాల పాటు శ్వాసనాళాలు చికాకుగానే ఉంటాయి కాబట్టి మత్తులో గొంతు బిగుసుకుపోవడం, ఆక్సిజన్ పడిపోవడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. వాయిదా వేయాలో వద్దో డాక్టరు నిర్ణయిస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం మన పని.

## 4. బిడ్డకు ఎప్పుడు, ఎలా చెప్పాలి

రెండు మూడేళ్ల పిల్లలకు ముందు రోజు చెబితే చాలు. నాలుగు నుంచి ఆరేళ్ల వారికి మూడు నాలుగు రోజుల ముందు, ఏడేళ్లు దాటినవారికి వారం ముందు చెప్పండి. పదేళ్లు దాటినవారిని డాక్టరు దగ్గర సొంతంగా ప్రశ్నలు అడగనివ్వాలి.

చెప్పవలసింది మూడు ముక్కల్లో ఉంటుంది: ఎందుకు వెళ్తున్నాం, అక్కడ ఏం జరుగుతుంది, అమ్మానాన్నలు ఎక్కడ ఉంటారు. ఉదాహరణకు అయిదేళ్ల పాపకు ఇలా చెప్పవచ్చు:

"నీకు మాటిమాటికీ గొంతు నొప్పి వస్తోంది కదా, డాక్టరు గారు దాన్ని బాగుచేస్తారు. చేతికి చిన్న సూది పెడతారు, అప్పుడు కాసేపు నొప్పిగా ఉంటుంది. తరువాత నిద్ర మందు ఇస్తారు. రాత్రి పడుకునే నిద్ర లాంటిది కాదది, డాక్టరు గారు పని చేస్తున్నంతసేపూ నీకేమీ తెలియదు. పని అయిపోగానే లేపుతారు. నువ్వు లేచేసరికి నేను నీ దగ్గరికి వచ్చేస్తాను. గొంతు కొన్ని రోజులు నొప్పిగా ఉంటుంది, దానికి మందు ఉంది."

నొప్పి ఉంటుందని చెప్పడానికి పెద్దవాళ్లకు మనసొప్పదు. "ఏం కాదమ్మా, సూది ఉండదు, షికారుకెళ్తున్నాం" అని తీసుకెళ్తే ఆ క్షణానికి ఏడుపు తప్పుతుంది గానీ, సూది చూసిన మరుక్షణం నుంచి బిడ్డ మీ మాట నమ్మదు. ఆ తరువాత మందు మింగించడం, కట్టు మార్పించడం అన్నీ కష్టమవుతాయి.

తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు:

"అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా" అని బెదిరించడం. ఈ మాటను తేదీ ఖాయమైన రోజు నుంచే ఇంట్లో మానేయాలి. ఇప్పటికే అలవాటైతే "అది నేను ఊరికే అన్నాను, సూది శిక్ష కాదు, మందు లోపలికి వెళ్లే దారి" అని విడిగా చెప్పండి.

తన తప్పు వల్లే ఇలా అయిందని బిడ్డ అనుకోవడం. ఐస్‌క్రీమ్ తిన్నందుకే ఆపరేషన్ అని ఎవరో ఒకరు అనే ఉంటారు. "నీ తప్పేమీ లేదు" అని బిడ్డ అడగకపోయినా చెప్పండి.

అమ్మ ఒకటి, నానమ్మ మరొకటి చెప్పడం. ఇంట్లో పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి, బిడ్డకు చెప్పే నాలుగు వాక్యాలు ఇవీ అని ఒప్పించండి. బిడ్డ ముందు ఫోనులో బంధువులకు కన్నీళ్లతో వివరించడం కూడా ఇందులోకే వస్తుంది, ఎందుకంటే పిల్లలు ఆడుకుంటూనే అంతా వింటారు.

చిన్నపిల్లలతో బొమ్మకు కట్టు కట్టే డాక్టరాట ఆడండి. బిడ్డే డాక్టరు, మీరు రోగి. ఆ ఆటలో బిడ్డ అడిగే ప్రశ్నల్ని బట్టి దేనికి భయపడుతోందో తెలుస్తుంది. తోబుట్టువులకు కూడా సంగతి చెప్పి, ఆ రోజుల్లో వాళ్లు ఎవరి దగ్గర ఉంటారో ముందే తెలియజేయండి.

## 5. సంచి సర్దడం

- ముందు గుండీలున్న వదులు బట్టలు (సెలైన్ సూది ఉన్న చేతికి బిగుతు బట్టలు ఎక్కవు)
- బిడ్డ రోజూ కప్పుకునే దుప్పటి, ఇష్టమైన బొమ్మ ఒకటి
- నీళ్ల సీసా, గ్లాసు, చెంచా, తువ్వాలు, సబ్బు, తడి తుడుపు కాగితాలు, పాత పంచె లేదా మెత్తటి చీర ముక్కలు
- పొడవు తీగ ఉన్న ఛార్జరు
- చిన్న నోటు పుస్తకం, పెన్ను
- తోడుండేవారికి ఒక జత బట్టలు, శాలువా, వారి సొంత మందులు

ప్రభుత్వ ఆసుపత్రికైతే చాప, బకెట్టు, మగ్గు, కంచం కూడా అవసరమవుతాయి. బంగారం ఏదీ తీసుకెళ్లవద్దు.

## 6. ముందు రాత్రి, ఆ ఉదయం: కడుపు ఖాళీగా ఉంచడం

ఈ భాగాన్ని బిడ్డకు తిండి పెట్టే ప్రతి ఒక్కరూ చదవాలి.

మత్తులో ఉన్నప్పుడు కడుపులోని ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే కడుపు ఖాళీగా ఉండాలంటారు. సాధారణంగా పాటించే గడువులు ఇవి. మీ మత్తు డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే పాటించండి.

- నూనె, నెయ్యి, మాంసం ఉన్న భోజనం: 8 గంటల ముందు ఆపాలి
- ఇడ్లీ, బ్రెడ్డు వంటి తేలికపాటి ఆహారం. ఆవు, గేదె పాలు. డబ్బా పాలు: 6 గంటల ముందు
- తల్లిపాలు: 4 గంటల ముందు
- మంచినీళ్లు: 2 గంటల ముందు

ఉదయం 8 గంటలకు ఆపరేషన్ అనుకుందాం. రాత్రి భోజనం తొమ్మిదింటికల్లా ముగించండి. డబ్బా పాలు తాగే బిడ్డకు చివరి సీసా రాత్రి 2 గంటల లోపు, చంటిబిడ్డకు చివరి తల్లిపాలు తెల్లవారుజామున 4 గంటల లోపు పట్టాలి. మంచినీళ్లు ఉదయం 6 దాకా ఇవ్వవచ్చు. రాగి జావ, మజ్జిగ, పాలు కలిపిన హార్లిక్స్, చారు నీళ్ల లెక్కలోకి రావు.

గుడికి వెళ్లి వచ్చినవారు ప్రేమతో నోట్లో పెట్టే పంచామృతం, పటికబెల్లం కూడా ఆ ఉదయం వద్దని చెప్పండి. "పసివాడు ఏడుస్తున్నాడని రెండు బిస్కెట్లు పెట్టాను" అని తరువాత బయటపడే సంఘటనలు వార్డుల్లో కొత్తేమీ కాదు. అలా జరిగితే పెట్టినవారిని తిట్టే పని తరువాత చూసుకోవచ్చు. ఏం తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో వెంటనే మత్తు డాక్టరుకు చెప్పండి. కొన్ని గంటలు ఆలస్యం అవుతుంది, అంతే.

దీనికి ఎదురు పొరపాటు కూడా అంతే సాధారణం. "రాత్రి 12 నుంచి ఏమీ ఇవ్వకండి" అని ఒక్క మాట చెప్పి పంపుతారు, ఆపరేషన్ మధ్యాహ్నం ఒంటిగంటకు జరుగుతుంది, బిడ్డ 13 గంటలు గొంతు తడుపుకోకుండా ఏడుస్తూ ఉంటుంది. కాబట్టి "నీళ్లు ఎన్నింటిదాకా పట్టవచ్చు?" అని విడిగా అడగండి. వంతు వెనక్కి జరిగినట్టు తెలిసిన వెంటనే సిస్టర్‌ను కలిసి "ఆలస్యమైతే మధ్యలో నీళ్లు పట్టవచ్చా, మత్తు డాక్టరు గారిని కనుక్కుంటారా?" అని మర్యాదగా, వదలకుండా అడగండి. చంటిపిల్లలకైతే ఇది మరీ ముఖ్యం.

ఆ ఉదయం చూసుకోవలసినవి:

- సబ్బుతో స్నానం. ఒంటికి, తలకు నూనె వద్దు. పౌడరు, కాటుక, దిష్టిచుక్క వద్దు
- గోళ్లు కత్తిరించాలి. గోళ్ల రంగు తీసేయాలి. ఆక్సిజన్ చూసే క్లిప్పును వేలికే పెడతారు, కాబట్టి ఆ వారంలో గోరింటాకు కూడా పెట్టకండి.
- పట్టీలు, గాజులు, చెవిపోగులు, మొలతాడు, తాయెత్తు, దిష్టితాడు ఇంట్లోనే తీయండి. ఆపరేషన్ థియేటర్‌లో కరెంటుతో పనిచేసే పరికరాలు వాడతారు, ఒంటిమీద లోహం ఉండకూడదు. తీయడం మనసుకు కష్టమైతే తల్లి తన కొంగున కట్టుకుని బయట ఉంచుకోవచ్చు.

## 7. సూది పెట్టేటప్పుడు, థియేటర్ గుమ్మం దగ్గర, మెలకువ వచ్చాక

సెలైన్ సూది పెట్టడానికి సిస్టర్ మోచేతి పైన పట్టీ బిగించి, చేతి వెనక వేలితో తడుముతూ నరం వెతుకుతారు. లోపల చివరికి ఉండేది మెత్తటి సన్నని గొట్టమే, సూదిని వెనక్కి లాగేస్తారు. అది కదలకుండా చిన్న అట్టముక్క పెట్టి ప్లాస్టరు చుడతారు. తిమ్మిరెక్కించే పూత మందు ఉందేమో ముందే అడగండి; అది పనిచేయడానికి సుమారు గంట పడుతుంది కాబట్టి సూది వేళకు అడిగి లాభం లేదు. పడుకోబెట్టి నలుగురు పట్టుకునే కంటే బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, ఛాతీకి హత్తుకుని, ఒక చెయ్యి మాత్రం సిస్టర్‌కు ఇస్తే భయం తగ్గుతుంది. "ఏడవకు" అనవద్దు. "ఏడిస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు" అనండి.

లోపలికి తీసుకెళ్లే ముందు చేతి పట్టీ మీద పేరు, వయసు సరిచూడండి. హెర్నియా, వృషణం, చెవి వంటి వాటికి కుడా ఎడమా అన్నది సర్జన్ వచ్చి గుర్తు పెట్టారో లేదో చూసి, మీ నోటితో కూడా చెప్పండి. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

మెలకువ వచ్చేటప్పుడు చిన్నపిల్లలు కొందరు గట్టిగా ఏడుస్తారు, తన్నుతారు, తల్లిని కూడా గుర్తుపట్టనట్టు తోసేస్తారు. ఇది మత్తు దిగే దశలో వచ్చే గందరగోళం, చాలావరకు అరగంటలోపు దానంతట అదే తగ్గుతుంది. సూది ఊడకుండా, మంచం మీద నుంచి పడకుండా పట్టుకుని, మెల్లగా మాట్లాడుతూ ఉండండి. మీరు చేయగలిగేది అంతకుమించి లేదు.

## 8. వార్డులో ఉన్నన్నాళ్లు

నోటు పుస్తకంలో గడియారం ప్రకారం రాయండి: ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, జ్వరం ఎంత, మూత్రం ఎప్పుడు పోసింది, వాంతి అయిందా. డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు దీన్ని చూసి చెబితే రెండు నిమిషాల్లో పని అవుతుంది. ప్రతి మందుకూ ముందు బిడ్డ పేరు, మందు పేరు అడగడం అలవాటు చేసుకోండి.

సూది ఉన్న చోట వాపు, ఎరుపు, నొప్పి కనిపిస్తే అర్ధరాత్రయినా సిస్టర్‌ను పిలవాలి. సెలైన్ వేగాన్ని మీరు మార్చవద్దు.

చూడడానికి వచ్చే బంధువులను ఇంటికి వెళ్లాక రమ్మనండి. జలుబు, దగ్గు ఉన్నవారిని ఫోనులోనే ఆపేయండి. వచ్చినవాళ్లు తెచ్చిన పళ్లూ బిస్కెట్లూ డాక్టరు చెప్పేదాకా మంచం దగ్గర కనిపించకూడదు, ఎందుకంటే ఆకలితో ఉన్న బిడ్డ కళ్లు వాటిమీదే ఉంటాయి. రాత్రి తోడు ఉండేవారు ఇద్దరైనా వంతులు వేసుకోండి; నిద్ర లేని తల్లికి మందుల వేళలు గుర్తుండవు.

## 9. డిశ్చార్జి రోజు

బిల్లు హడావుడిలో డిశ్చార్జి సమ్మరీని చదవకుండా ఫైలులో పెట్టేస్తారు. ఆగి, ఈ కింది వాటికి జవాబులు అందులో రాసి ఉన్నాయో లేదో చూడండి:

- ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు?
- కుట్లు కరిగిపోయేవా, తీయించాలా? స్నానం ఎప్పటి నుంచి?
- ఏం తినాలి, బడికి ఎప్పుడు, ఆటలకు ఎప్పుడు?
- మళ్లీ చూపించే తేదీ?
- ఏ లక్షణం వస్తే వెంటనే రావాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

జ్వరం, నొప్పి తగ్గించే పారాసిటమాల్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మన మందుల షాపుల్లో 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండే సిరప్, 250 మిల్లీగ్రాములు ఉండే సిరప్ రెండూ దొరుకుతాయి. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. డాక్టరు ఒకటి రాస్తే ఇంట్లో ఉన్న మరొకటి అదే కొలతతో పోస్తే మోతాదు రెండింతలో, అంతకంటే ఎక్కువో అవుతుంది. సీసా మీద అంకె చూసి, ఇంటి చెంచా కాకుండా గీతలున్న మూతతోనో సిరంజితోనో కొలవండి. బీమాకు కావలసిన అసలు బిల్లులు, చీటీలు అడిగి తీసుకోండి. వాడని మందులను ఫార్మసీలో వాపసు ఇచ్చి డబ్బు తీసుకోవచ్చేమో కనుక్కోండి.

## 10. ఇంటి దగ్గర మొదటి రెండు వారాలు

నొప్పి మందును నొప్పి ముదిరాక కాకుండా, మొదటి కొన్ని రోజులు డాక్టరు చెప్పిన వేళలకు ఇవ్వండి. టాన్సిల్స్ తీసిన పిల్లలకు గొంతులో తెల్లటి పొర కనిపిస్తుంది, చెవి నొప్పి అంటారు. ఈ రెండూ మామూలే. మింగడం బాధగా ఉందని నీళ్లు మానేయడమే అసలు ఇబ్బంది. చల్లారిన జావ, పెరుగన్నం, నీళ్లు కొంచెం కొంచెంగా తరచూ ఇస్తూ ఉండాలి. పత్యం పేరుతో కడుపు మాడ్చకండి.

టాన్సిల్స్ ఆపరేషన్ తరువాత 5 నుంచి 10 రోజుల మధ్య మళ్లీ రక్తం వచ్చే అవకాశం ఉంది. ఆ రోజుల్లో దూర ప్రయాణాలు పెట్టుకోవద్దు. ఉమ్మిలో తాజా ఎర్రటి రక్తం, రక్తపు వాంతి, నిద్రలో మాటిమాటికీ గుటకలు వేయడం కనిపిస్తే ఉదయం దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఏ ఆపరేషన్ అయినా తగ్గని జ్వరం, కుట్ల దగ్గర చీము, పెరుగుతున్న వాపు, ఆగని వాంతులు, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం, లేపినా లేవనంత మగత ఉంటే అదే రోజు చూపించాలి.

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు పక్క తడపడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, తల్లిని ఒక్క క్షణం వదలకపోవడం చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. ఇంత పెద్దయ్యాక ఇదేమిటని గద్దించవద్దు. నిద్ర, తిండి వేళలను పాత పద్ధతిలోకి తెచ్చి, డాక్టరాట ఆడదామంటే ఆడండి. నెల దాటినా తగ్గకపోతే మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు పిల్లల డాక్టరుకు చెప్పండి.